నలభైరెండో నంబరు సామాను

దొరలు మా మొగలిదిబ్బని వదిలేసి వెళ్ళిపోతున్నారన్న కబురు కచేరీలో దిగిన రోజున పదకొండు గంటల కాఫీకి ఎవరూ లేవలేదు. దాన్నిబట్టి విషయం ఎంత తీవ్రమైనదో మీరే ఊహించుకోండి.

మొగలిదిబ్బ కోసం పటంలో వెతక్కండి, దొరకదు. ఏరు సముద్రంలో కలిసేచోట నాలుగు మైళ్ళ పొడుగు, మైలున్నర వెడల్పు, చుట్టూ మొగలిపొదలు. ఎప్పుడో రెండొందల ఏళ్ళ కిందట ఒక దొరగారి ఓడ అక్కడి ఇసుకలో దిగబడింది. ఓడ తేలేదాకా ఉందామని దొరలు గట్టుకి దిగారు. ఓడ తేలలేదు, వాళ్ళూ కదల్లేదు. చుట్టూ ఉన్న దేశమంతా స్వతంత్రమైపోయి జెండాలు కూడా కాస్త వెలిశాక, ఈ దిబ్బ ఒకటి మిగిలిపోయిందని ఎవరికో గుర్తొచ్చింది. ఇంకో నాలుగు నెలల్లో అప్పగింత అన్నారు.

నేను ఆ కచేరీలో జాబితా గుమాస్తాని. పేరు చెరుకువాడ విశ్వపతి. సర్కారువారి కుర్చీలూ బల్లలూ గడియారాలూ ఎన్ని ఉన్నాయో ఏటేటా లెక్కపెట్టి, ఒక్కోదాని ఎదుట ‘బాగున్నది, పనిచేయుచున్నది’ అని రాయడం నా ఉద్యోగం. పంతొమ్మిదేళ్ళు రాశాను. నా అక్షరాలు ముత్యాల్లా ఉంటాయని గవర్నరు దొర కూడా ఒకసారి అన్నాడు. ఆ ముత్యాలే నా కొంప ముంచాయి, అది తర్వాత చెబుతాను.

కబురు విన్నాక, దేశం ఏమవుతుంది, జనం ఏమవుతారు అని మా కచేరీలో ఎవరూ అడగలేదు. సెక్రటరీ పరాంకుశంగారు కళ్ళజోడు తీసి తుడుచుకుని ఒక్కటే అడిగారు. “మన పింఛన్లు?”

సాయంత్రానికల్లా పింఛన్ల రక్షణ సంఘం వెలిసింది. పరాంకుశంగారే అధ్యక్షులు. రెండు సర్కార్లకీ ఉత్తరాలు వెళ్ళాయి. రెండు సర్కార్లూ చిత్రంగా ఒకే జవాబు రాశాయి. ఎవరి ఉద్యోగమూ పోదు, జీతం తగ్గదు, పింఛను ఆగదు, నిశ్చింతగా ఉండండి అని. ఇలాంటి జవాబు వస్తే మామూలు మనిషి దేవుడికి కొబ్బరికాయ కొడతాడు. మా సంఘం మాత్రం నెత్తిన చేతులు పెట్టుకుంది.

“ఇదెక్కడి అన్యాయమయ్యా!” అన్నారు పరాంకుశంగారు. “మిగతా వలసల్లో పనిచేసినవాళ్ళందరికీ నష్టపరిహారం ఇచ్చి పంపారు. మనకి నష్టమే లేకుండా చేశారు వీళ్ళు! నష్టం లేకుండా పరిహారం ఏ ముఖం పెట్టుకుని అడగను?”

ఆయన మూడు రోజులు ఇంటి దగ్గరే ఆలోచించారు. నాలుగోరోజు వెలిగిపోతూ వచ్చారు. చేతిలో కొత్త సర్కారువారి కాగితం ఒకటి. దాని అడుగున, ఇకమీదట కచేరీల్లో సలాములు పెట్టే పద్ధతి రద్దు, మనమంతా సమానం అని రెండు వాక్యాలున్నాయి.

“దొరికింది” అన్నారు. “నష్టం దొరికింది.”

గవర్నరు దొర తరఫున విదేశాంగ శాఖకి వెళ్ళిన ఆ మహజరుకి శుద్ధప్రతి రాసింది నేనే, కనుక ఇప్పటికీ కంఠతా వచ్చు. ‘ఉద్యోగి జీవనమునకు జీతము అన్నము వంటిదైనచో సలాము ఉప్పు వంటిది. సార్వభౌమత్వ బదిలీ వలన అతడు అకస్మాత్తుగా ఉప్పు లేని అన్నము తినవలసిన దుస్థితి దాపురించుచున్నది. కావున గౌరవ నష్ట పరిహారము మంజూరు చేయవలెను.’ సలాములు అందుకునేవాళ్ళలో గవర్నరు దొరే మొదటివాడు కదా, ఆయన సిఫారసు ఘాటుగా వెళ్ళింది. నెల తిరక్కుండానే మంజూరైంది.

ఒక్క షరతు పెట్టారు. అప్పగింతకి ముందు తొంభై రోజుల్లో ఎవరికెన్ని సలాములు వచ్చాయో రిజిస్టరు పెట్టాలి. ఎన్ని సలాములో దాన్నిబట్టి జన్మంతా పరిహారం. ఒక్కరోజు కూడా అంతరాయం రాకూడదు. చివర్లో సముద్రం అవతలినుంచి పరిశీలక దొర వచ్చి తనిఖీ చేస్తాడు. సలాము అంటే ఏమిటో నిర్వచించి పంపమన్నారు, అదీ పరాంకుశంగారే రాశారు. ‘సర్కారు బిళ్ళ ధరించిన వ్యక్తి నిటారుగా నిలబడి, కుడిచేతిని నుదుటి వరకు ఎత్తి, ఒక రెప్పపాటు నిలిపి దించుట.’

ఇక్కడ మీకు మా కచేరీ సంగతి ఒకటి చెప్పాలి. సర్కారు బిళ్ళ, అంటే ఛాతీమీద అడ్డంగా కట్టుకునే ఎర్రపట్టీకి కుట్టిన ఇత్తడి బిళ్ళ, మొగలిదిబ్బ మొత్తానికి ఒకటే ఉంది. అది గేటు దగ్గర నిలబడే బంట్రోతు సంగాడి నూకన్న ఒంటిమీద ఉంది. కనుక చెల్లే సలాము ఏదైనా నూకన్న చేతిలోంచి రావలసిందే.

నూకన్న మాటల్లో చెప్పాలంటే, “ఆ తొంబయ్యి రోజులూ నా సెయ్యి నాది కాదండీ.”

నన్ను రిజిస్టరుతో గేటు పక్కన కూర్చోబెట్టారు. పెద్దమనుషులు గేట్లోంచి లోపలికొస్తే ఒక సలాము, బయటికెడితే ఒక సలాము. మొదటి రెండు రోజులూ పాపం సిగ్గుపడ్డారు. మూడోరోజు ఖజానాదారుగారు గొడుగు మర్చిపోయానంటూ పదకొండుసార్లు బయటికి వెళ్ళారు. ఆరోజు ఎండ మండిపోతోంది, గొడుగు చేతిలోనే ఉంది. రిజిస్ట్రారుగారు కడుపు బాగాలేదని చెప్పి గంటకి ఎనిమిదిసార్లు వీధిలోకి పరుగెత్తి, అక్కడ ఏమీ చెయ్యకుండా తిరిగొచ్చేవారు. పరాంకుశంగారికి మోకాళ్ళ నొప్పులు కనుక ఆయన రాయి వేయించుకుని గేటు గీత మీదే కూర్చునేవారు. ఫైలు చదువుతూ ఒక కాలు లోపల, ఒక కాలు బయట పెట్టి అటోసారి ఇటోసారి వంగేవారు. వంగినప్పుడల్లా నూకన్న చెయ్యెత్తేవాడు, నేను గీత గీసేవాణ్ణి. గవర్నరు దొర అయితే గుర్రబ్బండిలో గేటు చుట్టూ ప్రదక్షిణం పెట్టించాడు. నాలుగోవారానికి గుర్రానికే విసుగొచ్చి, గేటు దగ్గరికి రాగానే తనంతట తనే వెనక్కి తిరిగిపోయేది.

కచేరీలో పనేమైందని అడక్కండి. అందరూ గేటు దగ్గరే ఉంటే పనెవరు చేస్తారు? విచిత్రమేమంటే ఊరివాళ్ళెవరూ ఫిర్యాదు చెయ్యలేదు. కాగితాలు కదలకపోవడం వాళ్ళకి అలవాటే.

అరవయ్యోరోజు ప్రాంతాన, మధ్యాహ్నం అందరూ భోజనాలకి వెళ్ళినప్పుడు, నూకన్న భుజం పిసుక్కుంటూ నా పక్కన కూలబడ్డాడు.

“పంతులుగారూ, ఒకటడగొచ్చాండీ?”

“అడుగు.”

“ఆళ్ళందరికీ సలామందుకున్నందుకు పింఛనీ వస్తదంటున్నారు. బాగానే ఉంది. మరి పెట్టినోడికేటండీ?”

“నీకేం భయం? ముప్పయ్యొక్కేళ్ళ సర్వీసు. మామూలు పింఛను ఎలాగూ వస్తుంది” అన్నాను.

“అదేనండీ నా ధైర్యం. ఈ ఉజ్జోగానికొచ్చేటప్పుడు పింఛనీ ఉంటదన్నారని మా అయ్య పడవమ్మేసి వచ్చానండీ. ఇప్పుడు యాబయ్యెనిమిదేళ్ళు. పడవ లేదు, వల లేదు. మోకాళ్ళు కూడా అమ్మేసినట్టే ఉన్నాయి. కాస్త ఆ కాయితాల్లో నా పేరు సూసి పెట్టండి బాబూ, మా పోలమ్మ రోజూ అడుగుతాంది.”

నేను లోపలికెళ్ళి పింఛన్ల పట్టీ తిరగేశాను. లేదు. తాత్కాలిక ఉద్యోగుల పట్టీ చూశాను. లేదు. తోటమాలి, వంటవాడు, గుర్రానికి గడ్డి కోసేవాడు, అందరూ ఉన్నారు. నూకన్న లేడు. కానీ బంట్రోతు అన్న మాట నేను ఏదో పట్టీలో చూశాను. ఒకసారి కాదు, పంతొమ్మిదిసార్లు చూశాను.

నా బల్ల సొరుగు లాగి నా సొంత జాబితా తీశాను. నలభయ్యో నంబరు, గోడ గడియారం ఒకటి. నలభైయొకటి, గేటు గంట ఒకటి. నలభైరెండు, బంట్రోతు, తలపాగాతో సహా, ఒకటి. ఎదుట నా ముత్యాల అక్షరాలు, ‘బాగున్నది, పనిచేయుచున్నది.’

పాత ఫైళ్ళు తవ్వితే కథ బయటపడింది. ముప్పయ్యొక్కేళ్ళ కిందటి గవర్నరుకి గేటు దగ్గర మనిషి కావలసి వచ్చాడు. కొత్త ఉద్యోగానికి మంజూరు లేదు, గేటు సామానుకి మాత్రం ఉంది. అప్పటి గుమాస్తా తెలివైనవాడు. గంట కొన్న రసీదు కిందే బంట్రోతుని కూడా ఎక్కించేశాడు. జీతం గేటు నిర్వహణ ఖర్చుల్లో కలిసిపోయింది. నూకన్న బిళ్ళమీద 42 అని చెక్కి ఉంటుంది. అది గౌరవ సంఖ్య అనుకుని వారంవారం చింతపండుతో తోమేవాడు, నేను చాలాసార్లు చూశాను. ఒక్కసారైనా నాకు అనుమానం రాలేదు చూశారా! ఆ రోజు నామీద నాకే అసహ్యం వేసింది, దాచుకోను.

పరాంకుశంగారి దగ్గరికి పరుగెత్తాను. ఆయన గేటు మీద వంగుతూనే విన్నారు.

“అయితే ఏమిటయ్యా?” అన్నారు. “సామానంతా కొత్త సర్కారుకి అప్పగిస్తాం. బల్లలతోపాటు వాడూ వెళతాడు. వాళ్ళే చూసుకుంటారు.”

“పింఛనో అండీ?”

“రాసివ్వమను అర్జీ.”

నూకన్న చెప్పాడు, నేను రాశాను. మూడోనాడు జవాబు వచ్చింది. నూకన్నకి చదువు రాదు కనుక గేటు దగ్గర నేనే చదివి వినిపించాను. ‘బల్లలు, కుర్చీలు, బంట్రోతులు మున్నగునవి పింఛనుకు అర్హములు కావు. ఒక వస్తువునకు ఇచ్చినచో మిగిలిన వస్తువులు ఊరుకొనవు.’

నూకన్న బిళ్ళని తిప్పి చూసుకున్నాడు.

“ఇదేటో మంచి నంబరనుకున్నానండీ” అన్నాడు. నాకు తల ఎత్తబుద్ధి కాలేదు.

మర్నాడు పొద్దున్న గవర్నరు దొర బండి గేట్లోంచి వచ్చింది. నూకన్న నిలబడే ఉన్నాడు. చెయ్యి లేవలేదు. తర్వాత పరాంకుశంగారు వచ్చారు, ఖజానాదారుగారు వచ్చారు, రిజిస్ట్రారుగారు పరుగెత్తుకుంటూ వచ్చారు. చెయ్యి వేళ్ళాడుతూనే ఉంది.

“ఏరా నూకన్నా, ఒళ్ళు కొవ్వెక్కిందా?” అని పరాంకుశంగారు కేకలేశారు.

“అయ్యయ్యో, లేదండీ. తమరే కదండీ సామానన్నారు. నా పక్కనున్న గంట సలాం పెడతాందా అండీ? నేను మాత్తరం ఎందుకు పెడతానండీ?”

“నిన్ను డిస్మిస్ చేస్తాను!”

నేను గొంతు సవరించుకున్నాను. “సామానుని డిస్మిస్ చెయ్యడానికి నిబంధన లేదండీ. వేలం వెయ్యొచ్చు. కానీ అప్పగింత జాబితా రెండు సర్కార్ల ముద్రలతో ఇప్పటికే ఖాయమైపోయింది, ఒక్క వస్తువు కూడా కదపకూడదు.”

“మరి పనిచెయ్యని సామానుని ఏం చేస్తారయ్యా?”

“మరమ్మతు చేయిస్తారండీ.”

ఇది నేను వెటకారంగా అన్నాను. పెద్దమనుషులకి మాత్రం వెటకారం వినపడదు. ఒక్కరోజు అంతరాయమొస్తే తొంభై రోజుల గీతలూ గంగపాలు కదా! అరగంటలో మరమ్మతు ఉత్తరువు వెళ్ళింది, మధ్యాహ్నానికి మరమ్మతుల శాఖనుంచి వడ్రంగి వీరభద్రాచారి సంచీతో దిగాడు. పాపం, కాగితంలో ‘నలభైరెండో నంబరు, కీలు పట్టినది, చేయి లేచుట లేదు’ అని ఉంటే, చేతుల కుర్చీ అనుకుని వచ్చాడు.

“ఇదేంటండీ బాబూ, నూకన్న బావ కదా!” అన్నాడు.

“నువ్వు కాగితం ప్రకారం చెయ్యి” అన్నారు పరాంకుశంగారు.

ఆచారి నూకన్న భుజం పట్టుకుని అటూ ఇటూ తిప్పి చూశాడు. అరవై రోజుల సలాములకి నిజంగానే పట్టేసి ఉంది. ఆముదం రాసి మర్దనా చేశాడు. చేస్తూ, “సెక్కయితే ఈపాటికి ఇరిగిపోయేదండీ” అన్నాడు. రసీదు రాసి నా చేత సంతకం పెట్టించుకుని పోయాడు. ‘బంట్రోతు ఒకటి, భుజం కీలు, ఆముదం అర్ధశేరు.’

నూకన్న కూడా ఊరికే మొండికెయ్యలేదు. ఆ సాయంత్రం గేటు మూసే ముందు అందరికీ వరసగా ఒక్కో సలాము పెట్టాడు. “రోజుకొకటి సాలండీ, అంతరాయం రాదు. గంట కూడా రోజుకోసారి మోగుద్ది కదండీ” అన్నాడు. గొడుగులకీ కడుపునొప్పులకీ ఆరోజుతో సెలవు. కచేరీలో ఫైళ్ళు మళ్ళీ కదలడం మొదలుపెట్టాయి, జనం కంగారుపడ్డారు.

అప్పగింతకి వారం ముందు పరిశీలక దొర దిగాడు. సన్నగా, పొడుగ్గా, చేతిలో పాత తెలుగు వ్యాకరణం పట్టుకుని ఉన్నాడు. తెలుగు ఆ పుస్తకంలోంచే నేర్చుకున్నాట్ట. తనిఖీ కాగితాలు కట్టగట్టి ఆయన బల్లమీద పెట్టవలసినవాణ్ణి నేను. ఆముదం రసీదు అన్నిటికన్నా పైన పెట్టాను. పొరపాటున కాదు. పంతొమ్మిదేళ్ళలో నేను చేసిన పని అదొక్కటే అని ఇప్పటికీ అనుకుంటూ ఉంటాను.

దొర రసీదు చదివాడు. మళ్ళీ చదివాడు. నూకన్నని పిలిపించాడు.

“ఓయీ, నీవు మనుష్యుడవా?”

నూకన్న పరాంకుశంగారివైపు చూశాడు. “తవరే సెప్పాలండీ. నాకు తెలిసినంతలో అయితే ఆయ్, అవునండీ.”

దొర పరాంకుశంగారివైపు తిరిగాడు. “ఈ పట్టికలో పదునొకండువేల సలాములు గలవు. ఇవి ఎవనిచే పెట్టబడినవి?”

“ఇతనిచేతనే, మహాప్రభో.”

“ఇతడు సామాను కదా? మీ నిర్వచనమునందు ‘బిళ్ళ ధరించిన వ్యక్తి’ అని యున్నది. వ్యక్తి పెట్టినచో సలాము. వస్తువు పెట్టినచో అది చప్పుడు. చప్పుళ్ళకు పరిహారము లేదు.” అని ఎర్రసిరా కలం చేతిలోకి తీసుకున్నాడు.

రిజిస్ట్రారుగారికి ఈసారి నిజంగానే కడుపునొప్పి వచ్చింది.

“ఒక్క పూట గడువివ్వండి మహాప్రభో!” అన్నారు పరాంకుశంగారు. “ఇతను మనిషేనని మేము... మేము చాలాకాలంగా అనుమానిస్తూనే ఉన్నాము.”

ఆ మధ్యాహ్నం సంఘం అత్యవసరంగా సమావేశమైంది. నేను నోట్సు రాశాను. మనిషిగా గుర్తిస్తే పింఛను ఇవ్వాలి కదా అన్నారు రిజిస్ట్రారుగారు. ఇవ్వకపోతే మన పరిహారం పోతుంది కదా అన్నారు ఖజానాదారుగారు. తొంభై రోజులకి మాత్రమే మనిషిగా గుర్తిద్దాం, తర్వాత మళ్ళీ సామాను చేద్దాం అని ఒక సూచన వచ్చింది. అది దాదాపు నెగ్గేదే. కానీ గుర్తింపు ఎప్పటినుంచి అన్నది ఉద్యోగి సమ్మతితో నిర్ణయించాలని నిబంధన ఉందని నేను నోట్సు రాస్తూ రాస్తూ గుర్తుచేశాను. నూకన్నని లోపలికి పిలిచారు. ఆ గదిలోకి అతను రావడం ముప్పయ్యొక్కేళ్ళలో అదే మొదటిసారి.

“ఎప్పట్నుంచి మనిషి కావాలనుకుంటున్నావురా... నూకన్నా?” అన్నారు పరాంకుశంగారు. ‘రా’ని మింగబోయారు కానీ సగం బయటికొచ్చేసింది.

“పుట్టినకాడ్నించీ అండీ.”

“అది మా కచేరీ పరిధిలోకి రాదు.”

“పోనీ గేటుకాడ నిలబడ్డకాడ్నించీ రాయండి.”

సాయంత్రం అయిదింటికి ఉత్తరువు వెలువడింది. ‘నలభైరెండో నంబరు సామానగు సంగాడి నూకన్నను ముప్పదియొక్క సంవత్సరముల నాలుగు నెలల వెనుకటి తేదీ నుండి అంతరాయము లేకుండ మనుష్యునిగా గుర్తించడమైనది. తదనుగుణముగా పింఛను మంజూరు. ఇది ఇతర సామానునకు ఉదాహరణ కాజాలదు.’ కింద గవర్నరు సంతకం, ఇద్దరు పెద్ద ఉద్యోగుల సాక్షి సంతకాలు.

నూకన్న పెళ్ళాం పోలమ్మ గేటు బయట నిలబడి ఉంది. నేను ఉత్తరువు ఆవిడకి కూడా చదివి వినిపించాను. “మనిసివని రాయించుకోటానికి ఇన్నేళ్ళు పట్టిందా మావా!” అని పకపకా నవ్వి, ఆ వెంటనే కొంగుతో కళ్ళొత్తుకుంది. నూకన్న నవ్వలేదు. కాగితం మడిచి తలపాగాలో పెట్టుకున్నాడు.

మిగిలిన రోజులూ అతను సలాములు మానలేదు. రోజుకి వందలకి వందలు పెట్టాడు. “పింఛనీ మంజూరైందిగా, ఇంకెందుకు నూకన్నా ఈ శ్రమ?” అంటే, “ఇప్పుడైతే నేను పెడతన్నానండీ” అన్నాడు. అప్పగింతకి ముందురోజు పదవీ విరమణ చేశాడు. తలపాగా, పట్టీ, బిళ్ళ నాకు అప్పజెప్పి రసీదు తీసుకున్నాడు.

అప్పగింత రోజు పొద్దున్నే బాండు మేళం, మామిడాకుల తోరణాలు, కొత్త జెండా. రేవులో ఓడ సిద్ధంగా ఉంది. పోటు తగ్గేలోగా బయల్దేరకపోతే మళ్ళీ ఇసుకలో దిగబడుతుందని గవర్నరు దొర మాటిమాటికీ గడియారం చూసుకుంటున్నాడు. రెండొందల ఏళ్ళ కిందట అలా జరిగిందిగా, ఆ భయం వాళ్ళ వంశంలో ఉండిపోయింది.

కొత్త సర్కారు తరఫున హయగ్రీవరావుగారని అప్పగింతల అధికారి వచ్చారు. మోకాళ్ళదాకా ఖద్దరు. “నేను కేవలం ప్రజాసేవకుణ్ణి” అని అందరికీ దణ్ణం పెట్టారు. “మనమంతా ఒకటే. అయితే కుర్చీలు మాత్రం లెక్కపెట్టాలి. ఇవి ప్రజల కుర్చీలు.” రెండు ముద్రలున్న జాబితా తెరిచి ఒకటినుంచీ మొదలుపెట్టారు.

పాత జెండా అప్పటికే దించేశారు. లెక్క తేలితే గానీ కొత్తది ఎగరేయడానికి వీల్లేదు. బల్లలు, కుర్చీలు, సిరాబుడ్లు, గడియారం, గంట. గంట మోగించి మరీ చూశారు. తర్వాత ఆగిపోయారు.

“నలభైరెండు?”

పరాంకుశంగారు జేబులో ఉత్తరువు తడుముకున్నారు.

“బంట్రోతు, తలపాగాతో సహా, ఒకటి. తలపాగా కనపడుతోంది. బంట్రోతు ఏదండీ?”

“అతను మనిషయ్యాడండీ” అన్నాను నేను.

“మంచిదే, అభినందనలు. సామాను ఏది?”

పరాంకుశంగారు ఉత్తరువు చూపించారు. హయగ్రీవరావుగారు మర్యాదగా చదివి మర్యాదగా తిరిగిచ్చారు. “ఇది మీ ఆంతరంగిక వ్యవహారం. ముద్రలు పడ్డ జాబితాలో వస్తువు తగ్గితే నేను సంతకం పెట్టలేను. ప్రజలకి ఏమని జవాబు చెప్పను?”

ఓడ కూత వేసింది. స్తంభం ఖాళీగా ఉంది. మొగలిదిబ్బ అప్పుడు ఏ దేశానిదో చెప్పగలిగినవాడు అక్కడ ఒక్కడూ లేడు. బాండువాళ్ళు ఏ పాట వాయించాలో తెలియక ఆకూవక్కా నమలడం మొదలుపెట్టారు.

జనంలో నూకన్న పోలమ్మతో పాటు నిలబడి ఉన్నాడు. గవర్నరు దొర అతన్ని చూపించి ఏదో అన్నాడు. “ఒక్క గంట వచ్చి సామానుగా నిలబడమంటున్నారు” అని రిజిస్ట్రారుగారు తర్జుమా చేశారు. నూకన్న జవాబు చెప్పేలోపలే పరాంకుశంగారు గావుకేక పెట్టారు. “వద్దు! వాడు ఒక్క క్షణం సామానైనా మనిషితనానికి అంతరాయం వస్తుంది. సలాములన్నీ మళ్ళీ చప్పుళ్ళయిపోతాయి!” నలుగురు పెద్దమనుషులు పరుగెత్తి నూకన్న చుట్టూ చేతులు పట్టుకుని నిలబడ్డారు, అతన్ని ఎవరూ ముట్టుకోకుండా.

హయగ్రీవరావుగారు తాపీగా జాబితా మొదటి పేజీకి తిప్పారు. “ఇక్కడేదో నిబంధన ఉందే. ‘తరుగు కనిపించినచో జాబితా తయారుచేసిన గుమాస్తాయే స్వయముగా భర్తీ చేయవలెను.’ చక్కటి దస్తూరి. ఎవరిదండీ ఇది?”

చెప్పానుగా, నా అక్షరాలు ముత్యాల్లా ఉంటాయని.

“రెండు కుర్చీలు కొనిస్తానండీ” అన్నాను. “మూడు.”

“బంట్రోతు స్థానంలో కుర్చీ ఎలా చెల్లుతుంది? ప్రజల ఆస్తి కదా!”

పరాంకుశంగారు నన్ను ఆపాదమస్తకం చూశారు. పంతొమ్మిదేళ్ళుగా నేను కుర్చీలని ఎలా చూశానో అచ్చం అలాగే చూశారు. “విశ్వపతీ, తలపాగా నీకు సరిపోతుందనుకుంటా. తాత్కాలికంగానే.”

నా నెత్తిన తలపాగా పెట్టారు, ఛాతీమీద పట్టీ కట్టారు. హయగ్రీవరావుగారు నా బిళ్ళమీది నంబరు కళ్ళజోడు సర్దుకుని చూసి, నలభైరెండు ఎదుట టిక్కు పెట్టారు. సంతకాలయ్యాయి. జెండా లేచింది. బాండు వాయించింది. అందరూ కన్నీళ్ళు పెట్టుకున్నారు, అందరికన్నా ఎక్కువగా నేను.

అది అయిదేళ్ళ కిందటి మాట. పరాంకుశంగారూ తక్కినవాళ్ళూ పరిహారాలు అందుకుంటూ సుఖంగా ఉన్నారు. ఒకే మనిషి రెండు జాబితాల్లో ఉండకూడదు కనుక పింఛన్ల పట్టీలోంచి నా పేరు కొట్టేశారు. అర్జీ పెట్టుకున్నాను. ‘బల్లలు, కుర్చీలు, బంట్రోతులు మున్నగునవి’ అంటూ జవాబు వచ్చింది. పాత ఫైల్లోంచి నకలు తీసి పంపారు. సలాములు రద్దయ్యాయి గానీ, పదిహేను రోజులకే ‘గౌరవ వందనం’ అని మళ్ళీ వచ్చాయి. అదీ చెయ్యెత్తి నుదుటికి ఆనించడమే. కొత్త జాబితా గుమాస్తా ఏడాదికోసారి నా భుజం కదిపి చూసి, నా ఎదుట ‘బాగున్నది, పనిచేయుచున్నది’ అని రాసుకుని పోతాడు. అక్షరాలు ఏమంత బాగుండవు.

ప్రతినెలా ఒకటో తారీఖున నూకన్న పింఛనుకి వస్తాడు. ఇస్త్రీ చొక్కా, చేతిలో గొడుగు. కొత్త పడవ కొన్నాడు. తను వేటకెళ్ళడు, గట్టుమీద కూర్చుని చూస్తాడట. నా దగ్గర ఆగి, పోలమ్మ కట్టిచ్చిన ఎండుచేపల పొట్లం నా చేతిలో పెడతాడు. నేను తిననని ఇద్దరికీ తెలుసు. అయినా తెస్తాడు, అయినా తీసుకుంటాను.

మొదటిసారి అతను గేట్లోంచి దర్జాగా నడిచొస్తుంటే నాకేదో పొంగుకొచ్చింది. ఈ కచేరీ మొత్తంలో నేను మనస్ఫూర్తిగా సలాము పెట్టదగ్గవాడు అతనొక్కడే అనిపించి, నిటారుగా నిలబడి చెయ్యెత్తాను.

నూకన్న గబగబా వచ్చి నా చెయ్యి పట్టుకుని కిందికి దించాడు. భుజం కాసేపు పిసికాడు.

“ఒద్దు పంతులుగారూ” అన్నాడు జాలిగా. “ముందు తవర్ని కూడా మనిసని రాయించుకుందాం. అందాకా ఇది సెల్లదండీ.”